తలుపు తీయని సభ

తత్వశాస్త్ర విభాగంలో ఆయన్ని ఎదురుగా అందరూ సార్ అనేవాళ్లు, వెనకాల అనుమానం సారు అనేవాళ్లు. ఆ పేరు గాలికి రాలేదు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆయన చెబుతున్న పాఠమే అది. పైకి కనిపించేదాన్ని నమ్మకండి, మంచి మాట వెనక స్వార్థం ఉంటుంది, నీతి వెనక అధికారం ఉంటుంది, వినయం వెనక పగ ఉంటుంది, తవ్వండి, తవ్వి చూడండి అని బల్ల గుద్ది మరీ చెప్పేవాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని వినేవాళ్లు. చిక్కల్లా ఒకటే. వడ్రంగి పని అయిపోయాక రంపాన్ని గోడకి తగిలించి ఇంటికి పోతాడు. ఈయన తన రంపాన్ని ఇంటికి కూడా పట్టుకుపోయేవాడు.

ఆయన భార్యది మందుల షాపు. పొద్దున్నే ఆవిడ ఒక బిళ్ల చేతిలో పెడితే, ఈయన అట్ట అడిగి తీసుకుని వెనక్కి తిప్పి చదివేవాడు.

"విటమిన్ అండీ. విషమైతే దాంతోపాటు మంచినీళ్లు కూడా ఇస్తానా?"

"ఉన్నట్టుండి ఇప్పుడెందుకు అని."

"మీ మోకాళ్లు అడిగాయి."

"నా మోకాళ్లు నన్ను వదిలేసి నిన్నెందుకు అడిగాయి?" అని గొణుక్కుంటూ మింగేవాడు. ఆవిడ నవ్వుకుంటూ షాపుకి పోయేది. పెళ్లైన కొత్తలో ఏడ్చేది, తర్వాత దెబ్బలాడేది, ఇప్పుడు నవ్వడం నేర్చుకుంది.

అటువంటి మనిషికి నిజంగానే అనుమానించాల్సిన సంగతి ఎదురైతే ఇక చెప్పాలా? ఆ ఏడాది అదే జరిగింది, అదీ చిన్నమేడం వల్ల.

చిన్నమేడం ఒకప్పుడు ఆయన శిష్యురాలు. ముందు బెంచీలో కూర్చుని, ఆయన చెప్పిన ప్రతి మాటనీ తిరిగి ఆయన మీదికే విసిరేది. ఆయనకి పిల్లలు లేరు. ఆ లోటు ఆ అమ్మాయి వల్లే తీరిందని ఆయన ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు, కానీ ఆమెకి ఇదే విభాగంలో ఉద్యోగం వచ్చిన రోజున ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. పక్క గదే ఆమెకి ఇప్పించాడు. అటువైపు ఆమె గది, ఇటువైపు విరిగిన బల్లలూ పాత మ్యాపులూ పడేసే స్టోరు గది, మధ్యలో ఈయన.

ఆ చిన్నమేడం ఏదో సదస్సుకి వెళ్లొచ్చి కొత్త పాట అందుకుంది. రెండు శతాబ్దాలుగా తత్వవేత్తలు చెబుతూ వచ్చింది ఏమిటంటే, లోకాన్ని మనిషి తన కళ్లద్దాల్లోంచే చూడగలడు, అద్దాలు తీసి చూడటం కుదరదు అని. ఆ మాట మీదే అనుమానం సారు పాఠాలన్నీ నిలబడ్డాయి. ఈ కొత్తవాళ్లు లేచి, అయ్యా, మనిషి పుట్టక ముందే రాళ్లున్నాయి, నక్షత్రాలున్నాయి, వాటికి మీ కళ్లద్దాలతో ఏం పని అన్నారు. దానికి స్పెక్యులేటివ్ రియలిజం అని నోరు తిరగని పేరొకటి పెట్టారు. వాళ్లలోనూ మళ్లీ తలా ఒక దారి ఉందట. చిన్నమేడం పట్టుకున్న దారిలో వస్తువుకి తన బతుకు తనకుంటుంది, ఎవరు ఎంత చూసినా, ఎంత వాడుకున్నా, అది ఇంకొంత మిగిలే ఉంటుంది.

ఊరికే అనుకుని ఊరుకున్నా బాగుండేది. శుక్రవారం సాయంత్రాలు ఆమె ఒక సభ మొదలుపెట్టింది. ఒకరు ఏదో ఒక వస్తువు తెచ్చి స్టోరు గదిలో పెట్టి తాళం వేస్తారు. మిగతావాళ్లు వరండాలో బెంచీల మీద కూర్చుని, ఆ కనపడని వస్తువు గురించి మాట్లాడతారు. నియమాలు రెండే. తలుపు తీయకూడదు. ఎవరూ మాటల్లోకి తమని తాము తేకూడదు. నేను చూశాను, నాకు గుర్తొచ్చింది, మా ఇంట్లో కూడా ఉంది అన్నారంటే, టీ గ్లాసులన్నీ వాళ్లే కడగాలి.

అనుమానం సారుని ఆ సభకి ఎవరూ పిలవలేదు. వరండాలోకి ఆయన వస్తే మాటలు ఆగిపోయేవి. అక్కడితో అయిందా? ఇన్నేళ్లుగా ఆయన తన గదిలో కూర్చున్న కుర్చీ, ఒక కాలు పొట్టిదై అటూ ఇటూ ఊగే కుర్చీ, మాయమైంది. అదే వారంలో దాని చోట ఒక కొత్త కుర్చీ, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా, వచ్చి కూర్చుంది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. విభాగాధిపతి ఎదురుపడి, "ఆరోగ్యం ఎలా ఉంది సార్?" అన్నాడు. ఎప్పుడూ అడగనివాడు ఇప్పుడెందుకు అడిగాడు? సోమవారం సిలబస్ మీటింగు ఉంది, ఏ పేపరు ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చే మీటింగు. అందులో చిన్నమేడం సభ్యురాలు.

ఆయన అన్నీ కలిపి చూసుకున్నాడు. కుర్చీ తీశారు, కొత్తది వేసి నోరు మూయిద్దామనుకున్నారు, ఆరోగ్యం అడిగి దారి చదును చేశారు. సోమవారం తన పేపరు పీకేస్తారు. ఆ పేపరు పోతే ఇక తనేమిటి? పొద్దున్నే లేచి ఎక్కడికి పోవాలి? కొత్త కుర్చీ మీద కూర్చోవడం అంటే ఒప్పుకున్నట్టే కాబట్టి, ఆయన లైబ్రరీ నుంచి ఒక స్టూలు తెచ్చుకుని దాని మీదే కూర్చోసాగాడు. నడుము పట్టేసింది.

"ఆ అమ్మాయినే అడగొచ్చుగా," అంది భార్య, నడుముకి మందు రాస్తూ.

"అడిగితే నిజం చెబుతారా ఎవరైనా?"

"చెబుతారేమో, ఎవరికి తెలుసు? మీరెప్పుడు అడిగారు గనక!"

ఆయన అడగలేదు. ఆ శుక్రవారం మధ్యాహ్నం స్టోరు గది తలుపు తీసి ఉండటం చూసి, అటూ ఇటూ చూసి, పిల్లిలా లోపలికి దూరాడు. ఫోను తన బల్ల మీదే వదిలేశాడు. ఒక్క క్షణంలో చూసి వచ్చేద్దామనే.

గదిలో ఎత్తున ఒక వెంటిలేటరు, దాంట్లోంచి వచ్చే పలచని వెలుతురు. మధ్యలో దుప్పటి కప్పిన ఆకారం ఒకటి. చెయ్యి చాపాడో లేదో, వరండాలో చెప్పుల చప్పుడు. పక్కనే చక్రాల మీద నిలబెట్టిన పాత నల్లబోర్డు ఉంటే దాని వెనక నక్కాడు. చిన్నమేడం లోపలికి వచ్చింది. దుప్పటి అంచు సర్ది, కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత బయటికి పోయి గడియ పెట్టి తాళం వేసింది.

ఆయన కేక వేయాల్సింది. వేస్తే ఏమని చెప్పాలి? బల్ల గుద్ది పాఠాలు చెప్పిన నోటితో, దొంగచాటుగా దూరాను, తియ్యమ్మా అనాలా? నోరు రాలేదు. అయినా ఇంత మంచి చోటు మళ్లీ దొరుకుతుందా? తలుపుకి అవతల వాళ్లు, ఇవతల తను. తన గురించి ఏమనుకుంటారో చెవులారా వినొచ్చు. ముందు ఆ దుప్పటి సంగతి చూద్దామని లాగాడు.

తన కుర్చీ.

ఒళ్లు మండిపోయింది. అంటే దొంగ దొరికినట్టే. కుర్చీని ఎత్తుకొచ్చి, గదిలో పెట్టి, దాని చుట్టూ చేరి తన గురించి చెప్పుకుంటారన్నమాట. రుజువు కళ్లముందే ఉంది. దాంట్లోనే కూర్చుని చెవులు రిక్కించాడు.

బయట బెంచీలు జరిగాయి. ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడు వినిపించింది.

"లోపల ఒకటుంది," అంది చిన్నమేడం. "ఇక మొదలుపెట్టండి."

"దాని బరువు నేల మోస్తోంది," అన్నాడొకడు. పరిశోధన చేసే కుర్రవాడు, గడ్డం అని పిలుస్తారు, గడ్డం తప్ప మొహం కనపడదు గనక. "మనం ఉన్నా మోస్తుంది, లేకపోయినా మోస్తుంది."

బరువు! అనుమానం సారు పళ్లు కొరికాడు. తను విభాగానికి బరువైపోయాడన్నమాట.

"దుమ్ము కూడా పడుతుంటుంది," అంది లైబ్రేరియన్ గొంతు. కాలేజీలో అందరికన్నా పెద్దావిడ. "ఆ గది ఊడ్చి ఎన్నాళ్లయిందో."

"ఊడ్చడం మనుషుల పని మేడం, అది వద్దు," అన్నాడు గడ్డం.

"సరే, దుమ్ము మాత్రం ఉంచుకో."

దుమ్ము పట్టిన పాత సరుకు. అదీ తనే.

"అది ఎవరికోసమూ ఎదురుచూడదు," అంది చిన్నమేడం. "ఎవరూ గుర్తు చేసుకోకపోయినా దానికి లోటు లేదు."

ఈ మాటకి ఆయనకి కోపం రాలేదు. కుర్చీలో కదిలాడు. అది తన అలవాటు ప్రకారం కిర్రుమంది. బయట నిశ్శబ్దం. ఆయన ఊపిరి బిగబట్టాడు. బిగబట్టిన ఊపిరి దుప్పటి దుమ్ముతో కలిసి ముక్కులోకి ఎక్కింది. అనుమానం సారు తుమ్ము ఆ భవనంలో పేరుపడ్డది. ముందు చిన్న మూలుగు, తర్వాత టపాకాయ. ఆపుకుందామని ముక్కు నొక్కుకున్నాడు కానీ, నొక్కిన కొద్దీ ఇంకా గట్టిగా వచ్చింది.

"లోపల ఎవరో తుమ్మారు," అంది లైబ్రేరియన్.

"తుమ్ము అని మనం అంటున్నాం మేడం," అన్నాడు గడ్డం. అతని గొంతు వణుకుతోంది, సంతోషంతో. "ఒక శబ్దం వచ్చింది. అంతవరకే చెప్పగలం."

"బాబూ, తుమ్మంటే తుమ్మే. ముక్కున్నవాళ్లెవరో ఇరుక్కున్నారు. తలుపు తియ్యండి."

"ఇన్ని శుక్రవారాల్లో మొదటిసారి వస్తువు మనం ఊహించని పని చేసింది మేడం! ఇప్పుడు తలుపు తీస్తే అదొక మామూలు సంగతి అయిపోతుంది."

ఏ ఇంట్లోనైనా, ఏ ఆఫీసులోనైనా మూసిన గదిలోంచి తుమ్ము వినపడితే తలుపు తీస్తారు. వీళ్లు ఓటేసుకున్నారు. లైబ్రేరియన్ ఒక్కావిడ తీయమంది, మిగిలిన కుర్రకారంతా వద్దంది. తత్వశాస్త్రం ఎంత చదివితే ఈ తెలివి వస్తుందో లైబ్రేరియన్‌కి అర్థం కాలేదు.

"ఆ తుమ్ము నాకు..." అని చిన్నమేడం ఆగిపోయింది.

"తెచ్చారు! మేడం, మిమ్మల్ని మీరు తెచ్చేశారు! గ్లాసులు మీవే," అని గడ్డం చప్పట్లు కొట్టాడు.

"అవును, నావే," అంది ఆమె నెమ్మదిగా.

మాటలు ఇంకొంచెం సేపు సాగి పలచబడ్డాయి. బెంచీలు కదులుతుంటే లైబ్రేరియన్ అడిగింది. "సోమవారం మీటింగులో పెద్ద విషయాలేమైనా ఉన్నాయా అమ్మా?"

ఫ్లాస్కు మూత బిగించిన చప్పుడు, తర్వాత చిన్నమేడం గొంతు.

"ఏముంటాయి మేడం, పరీక్ష తేదీలు, తిరగని ఫ్యాన్లు. పాత పేపర్ల జోలికి ఎవరూ పోవట్లేదు. అసలు వాటి ఊసే లేదు."

అనుమానం సారు కుర్చీలో వెనక్కి వాలాడు. గండం గడిచింది. పేపరు ఉంది. ఎగిరి గంతేయాల్సిన మనిషి, కానీ కదల్లేకపోయాడు. ఇంతసేపూ వింటున్నాడే, తన పేరు ఒక్కసారైనా వినపడిందా? బరువన్నారు, దుమ్మన్నారు, అదంతా నిజంగానే ఒక కుర్చీ గురించి. తన మీద కుట్ర పన్నుతున్నారనుకున్నన్నాళ్లూ భయం వేసింది గానీ, అందులో ఒక గౌరవం కూడా ఉండేది. ఒక నలుగురు కూర్చుని తన గురించి ఆలోచిస్తున్నారు కదా అనే గౌరవం. ఎవరూ ఆలోచించడం లేదట. పేపరు ఉంచారంటే కావాలని కాదట, గుర్తులేకట. ఆ చీకటి గదిలో ఆయనకి ఏడుపొచ్చినంత పనైంది.

అడుగులు దూరమయ్యాయి. కాసేపటికి ఒక్కరివే వెనక్కి వచ్చాయి. తాళం తిరిగింది, గడియ తీసిన చప్పుడైంది. తలుపు మాత్రం ఎవరూ తోయలేదు. ఆ అడుగులు మళ్లీ వరండా చివరికి వెళ్లిపోయాయి. పంపు విప్పిన శబ్దం, గాజు గ్లాసుల గలగల.

ఆయన బయటికి వచ్చాడు. వరండా చివర పంపు దగ్గర చిన్నమేడం వెనక్కి తిరగకుండా గ్లాసులు తోముతోంది. అప్పుడు బుర్ర మళ్లీ పనిచేయడం మొదలుపెట్టింది. తుమ్ము గుర్తుపట్టింది. అంటే లోపలున్నది ఎవరో ఆమెకి తెలుసు. తెలిసిన తర్వాతే సోమవారం మాట అంది. ఎవరికోసం అంది?

ఇంటికి పోయి ఆ మాటని వారం రోజులు తవ్వుకోవచ్చు. ఎప్పుడూ చేసేది అదే. కానీ నడుము నొప్పిగా ఉంది, ముక్కు నిండా దుమ్ము ఉంది, మొదటిసారి ఆయనకి తవ్వే ఓపిక లేకపోయింది.

"ఫ్యాన్ల మాట నిజమేనా అమ్మాయీ?" అని అడిగాడు.

ఆమె చేతులు ఆగాయి.

"కాదు సార్."

"మరి?"

"మీ పేపరు తీసేయాలని సోమవారం అడగబోయేది నేనే. మీరు లోపలున్నారని తెలిసి అబద్ధం చెప్పాను. చీకట్లో ఒక్కరూ ఉండి ఆ మాట వినకూడదనిపించింది."

తన అనుమానం నిజమైంది. ఇన్నేళ్లలో ఇంత సూటిగా ఎప్పుడూ నిజం కాలేదు. గెలిచిన మనిషికి ఉండాల్సిన సంతోషం మాత్రం ఎక్కడా లేదు.

"నా దగ్గరే చదువుకున్నావు," అన్నాడు.

"అందుకే సార్." ఆమె ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీ క్లాసులో ఉన్నప్పుడు మా అమ్మ ఒక స్వెటర్ అల్లి పంపింది. ఏం అడగబోతోందో అనుకున్నాను. దాన్ని పెట్టెలోంచి తీయలేదు. అమ్మ ఏమీ అడగలేదు. అలాగే పోయింది. మీరు నేర్పింది తప్పని అనను. కానీ మీరు తవ్వడం నేర్పారు, ఆపడం నేర్పలేదు. ఒక్క వస్తువునైనా దాని మానాన దాన్ని వదిలేయడం నాకు చేతకాలేదు. ఈ సభ మొదలుపెట్టింది అందుకే."

"మరి నా కుర్చీ?"

"ఏది పెట్టినా నాకు సులువుగానే ఉండేది. ఆ కుర్చీని చూస్తే మాత్రం మీరే కనిపిస్తారు. దాన్ని ఉత్త కుర్చీగా ఉండనివ్వగలనా అని పెట్టాను. దానికి బదులు కొత్తది మీ గదిలో వేయించాను. ఆ ఊగే కుర్చీలో మీ నడుము పాడవుతోందని. చెబితే ఎందుకిచ్చావని పది రకాలుగా అడుగుతారని చెప్పలేదు."

స్టూలు మీద గడిపిన రోజులన్నీ ఆయన నడుములో ఒక్కసారి కలుక్కుమన్నాయి. గట్టు మీద తుడుచుకునే గుడ్డ ఉంటే తీసుకుని, కడిగిన గ్లాసుల్ని తుడవడం మొదలుపెట్టాడు. ఒకటి తుడిచి, రెండోది తుడిచి, అప్పుడన్నాడు.

"సోమవారం అడుగు. నా ఎదురుగానే అడుగు. నేనూ ఊరుకోను, చెప్పాల్సింది చెబుతాను."

"చెప్పండి సార్. బాగా చెప్పండి."

సోమవారం ఆయన నిజంగానే బాగా చెప్పాడు. కుర్ర లెక్చరర్లు పెన్నులు కింద పెట్టి విన్నారు. చిన్నమేడం స్వెటర్ సంగతి ఎత్తలేదు, ఆయన తుమ్ము సంగతీ ఎత్తలేదు. పేపరు ఎందుకు వద్దో మాత్రం తడబడకుండా, ఆయన మొహంలోకి చూస్తూ చెప్పింది. తర్వాత తీసేయాలన్నవాళ్లు చేతులెత్తమన్నారు. అందరికన్నా ముందు లేచింది ఆమె చెయ్యే. ఆయన ఆ చేతిని చూశాడు. దాని వెనక ఎవరున్నారు, ఏం ఆశిస్తున్నారు అని వెతకాల్సిన అవసరం కనపడలేదు. ఒక చెయ్యి లేచింది, అంతే. మిగతా చేతులు కూడా లేచాయి. ఆయన ఓడిపోయాడు.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాడు. కొత్త కుర్చీ మూలన అలాగే ఉంది. దగ్గరికి లాగి, ప్లాస్టిక్ కవరు చింపి తీశాడు. అలవాటు చొప్పున కిందికి వంగి అడుగున ఏముందో చూడబోయి, ఆగి, కూర్చున్నాడు. ఊగలేదు. నడుము ఆనింది. అలా ఎంతసేపు కూర్చున్నాడో, ఫోను మోగింది.

"ఏమైందండీ మీటింగు?" అంది భార్య. వెనకాల షాపులో ఎవరో దగ్గు మందు అడుగుతున్నారు.

"పేపరు పోయింది."

"అయ్యో. ఎవరు తీయించారు?"

"చిన్నమేడమే. ముందే చెప్పి తీయించింది. ఆ అమ్మాయి మంచిదే."

అటువైపు దగ్గు మందు అడిగిన మనిషిని ఆవిడ ఆగమంది. "ఇప్పుడెక్కడున్నారు మీరు?"

"నా గదిలో, కుర్చీలో కూర్చున్నాను. బాగుంది. నువ్వు పొద్దున ఇచ్చిన బిళ్ల కూడా ఇప్పుడే వేసుకున్నాను."

"అట్ట చదివారా?"

"లేదు."

ఆవిడ గొంతు తగ్గించి, భయం భయంగా అడిగింది.

"నిజం చెప్పండి. నా దగ్గర ఏం దాస్తున్నారు?"